నూట తొంభై మూడో పేజీ

మేడమీది వాటా
జూన్ 28

వదినగారికి,

మీ చెల్లెలు పోయిన రోజు సంగతి రాయమన్నారు. ఆలస్యమైంది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజు తెల్లవారకముందే లేచింది. కిటికీ తియ్యమంది. తీశాను. దిండ్లు ఎత్తుగా పెట్టాక కాసేపు ఊపిరి తేలిగ్గా ఆడింది. రెండు చెంచాల టీ తాగింది. డాక్టరు వచ్చి చూసి, మెట్ల దగ్గర నాతో "ఇంక ఆవిణ్ణి కదిలించకండి" అన్నాడు. అర్థమైంది.

నేను లోపలికి రాగానే "ఆ మూడోది ఇలా ఇవ్వండి" అంది. మీరిద్దరూ చదువుతున్న మూడు సంపుటాల నవలలో చివరిది. ఇచ్చాను. పెన్సిలు చెక్కమంది. చెక్కాను. దాన్ని చూసి, "అంత మొన ఎందుకండీ, నేనేమన్నా సరిహద్దు గీస్తున్నానా?" అంది. ఆమె నవ్వడం అదే ఆఖరు.

కొంత చదివి, పేజీ పక్కన ఏదో రాసింది. చాలాసేపు పట్టింది. మధ్యలో పెన్సిలు జారితే తీసి ఇచ్చాను. మీరిద్దరూ రాసుకునేది నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజూ చూడలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను. రాయడం అయ్యాక "ఇది అక్కకి పంపండి. కళ్ళకట్లు విప్పాక చదువుకుంటుంది" అని కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నం పుస్తకం మంచం మీంచి జారి కింద పడింది. ఆ చప్పుడుకి నేను కుర్చీలోంచి లేచాను. ఆమె లేవలేదు.

బాధపడలేదని డాక్టరు అన్నాడు. ఆయనకెలా తెలుసో నాకు తెలియదు.

పడినప్పుడు పుస్తకం అట్ట ఊడింది. కొన్ని కాగితాలు బయటికి వచ్చాయి. అలాగే పోస్టులో వేస్తే దారిలో చెదిరిపోతుంది. అందుకని మొన్న బైండరుకి ఇచ్చాను. మా సర్వే ఆఫీసు మ్యాపుల పుస్తకాలన్నీ కట్టిన మనిషి. గట్టిగా కడతాడు. రాగానే పంపుతాను. ఆమె నాకు చివరగా చెప్పిన పని అదొక్కటే. సరిగ్గా చెయ్యాలని.

మీ కళ్ళు ఎలా ఉన్నాయి?

మీ మరిది


కింది వాటా, వెనక గది
జూలై 2

మరిదిగారికి,

మీ ఉత్తరం చదివి, మళ్ళీ మొదటినుంచి చదివి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాను. కంటి ఆపరేషన్ బల్లమీద వెల్లకిలా పడుకుని ఉన్నాను నేను, అది పోతున్నప్పుడు. చిన్నప్పుడు దానికి జ్వరమొస్తే నాకూ రావాలని పక్కలో పడుకునేదాన్ని. ఇప్పుడు ఊళ్ళు దాటి రాలేకపోయాను. మీరేం సంజాయిషీ చెప్పక్కర్లేదు, నేనేం చెప్పను.

కానీ నా తండ్రీ, బైండరేమిటి? ఉత్తరం మధ్యలో ఆ మాట చదివి కెవ్వుమన్నాను. తంతి ఇప్పించాను, "కట్టించవద్దు, వెనక్కి తెండి" అని. ఈ ఉత్తరం ముందు చేరితే మాత్రం, ఏ చెప్పులు దొరికితే ఆ చెప్పులతో పరిగెత్తండి.

మీకు ఎప్పుడూ చెప్పలేదు, మీరెప్పుడూ అడగలేదు. మేం ఈ పిచ్చిలో పడింది నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రోజుల్లో, అది కాలేజీ లైబ్రరీలో చేరిన కొత్తలో. విక్టోరియా రాణి కాలంలో నవలంటే మూడు సంపుటాలు. అద్దెకిచ్చే లైబ్రరీలు ఒక్కోటి ఒక్కొక్కరికి ఇచ్చేవి, ముగ్గురు ఒకేసారి చదవొచ్చని. మనం ఇద్దరమే ఉన్నాం కదా, మూడోది ఎవరికని అడిగింది చిన్నది. మూడోది కొట్లాటకి అన్నాను. అలా మొదలైంది. అది కొని, చదివి, పక్కన పెన్సిలుతో రాసి నాకు పంపుతుంది. నేను దాని కింద జవాబు రాసి వెనక్కి పంపుతాను. కథ గురించి ఎంత రాశామో, ఇంటి గోల అంతకు పదిరెట్లు రాశాం. పాత పుస్తకాల కొట్టాయన మా రాతలు చూసి గుండె బాదుకున్నాడు. "అమ్మా, మచ్చలేని పుస్తకం ఇస్తే దానికి పచ్చబొట్లు పొడుస్తారా?" అన్నాడు. చిన్నది "మేం పోయాక ఇది ఇంకా ఎక్కువకి అమ్ముదురుగాని, దాచుకోండి" అంది.

మాకున్న నియమాలు నాలుగే. సిరా ముట్టకూడదు. మూలలు మడవకూడదు. అసలు అట్ట, దాని గుడ్డ, దానిమీది బంగారు అక్షరాలు ఎంత అరిగినా అలాగే ఉంచాలి. అంచులు కోయించకూడదు. పాత పుస్తకానికి బాగుచెయ్యడమంటే దాని జోలికి వెళ్ళకపోవడమే. అట్ట ఊడితే నాడాతో కట్టి పెట్టుకుంటాం. బైండరు చేతికి ఇస్తే తొంభై ఏళ్ళ ముసలమ్మకి సవరం పెట్టి పంపిస్తాడు. అదైనా పర్వాలేదు. వాడు మూడు వైపులా కత్తెర వేస్తే మా రాతలు ఎక్కడ ఉంటాయి? అంచునే కదా ఉండేది!

నా కళ్ళు బాగానే ఉన్నాయి. కట్లు విప్పేశారు. వెంటనే రాయండి.

మీ వదిన


మేడమీది వాటా
జూలై 7

వదినగారికి,

తంతి అందింది. పుస్తకం వెనక్కి తెచ్చాను. బాగానే ఉంది. అట్ట మాత్రం కొత్తది.

కొంచెం పని మిగిలింది. అయ్యాక పంపుతాను. ఇక్కడ వానలు. పార్సిలు తడిసే ప్రమాదం ఉంది.

ఆమె మందులు ఆసుపత్రికి తిరిగి ఇచ్చేశాను. చీరలు ఏం చెయ్యమంటారో రాయండి. కళ్ళు బాగున్నందుకు సంతోషం.

మీ మరిది


కింది వాటా, వెనక గది
జూలై 12

మరిదిగారికి,

"బాగానే ఉంది" అని రాశారు. మీ మాటలకి అర్థాలు చిన్నది నాకు ఎప్పుడో నేర్పింది. "మా ఆయన పర్వాలేదంటే కాలు విరిగిందని. బాగానే ఉందంటే ఇంట్లో గోడ కూలిందని" అనేది. ఏ గోడ కూలింది చెప్పండి.

చీరల సంగతి తర్వాత. వానల సంగతి నాకు అక్కర్లేదు. మీ దగ్గర స్కేలు ఉంటుంది కదా, నిద్రలో కూడా ఉంటుందట. రెండో సంపుటం కాగితం వెడల్పు ఎంత? మూడో దాని కాగితం వెడల్పు ఎంత? ఈ రెండు అంకెలూ రాసి పంపండి. మూడో మాట రాయకపోయినా పర్వాలేదు.

వదిన


మేడమీది వాటా
జూలై 17

వదినగారికి,

మూడోది అరంగుళం తక్కువ.

మిమ్మల్ని మోసం చెయ్యాలని కాదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు అంతా రాస్తాను.

మీ తంతి వచ్చిన పూటే వెళ్ళాను. పుస్తకం బల్లమీద సిద్ధంగా ఉంది. మెరూన్ రెగ్జిన్, వెనక బంగారు గీతలు. బైండరు నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"మీ కోసమే చూస్తున్నా సార్. అమ్మగారి పుస్తకమని మా వాళ్ళ చేత ముట్టించలేదు, నేనే కట్టా. మీ మనవళ్ళ కాలందాకా ఉంటది."

తెరిచాను. అంచులు తెల్లగా, నున్నగా ఉన్నాయి.

"అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నై సార్, మాసిపోయినై. పైగా ఎవరో పెన్సిలు గీతలు బరికేశారు. మూడు వైపులా కటింగ్ కొట్టి శుభ్రం చేశా. ఏం సార్, బాలేదా?"

పుస్తకం ఇచ్చినప్పుడు రాతల సంగతి నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. మా మ్యాపులకి అతను అంచులు కోస్తూనే ఉంటాడు, మేం అందుకు తగ్గట్టు ఖాళీ వదులుతాం. అదే అలవాటు. బాగుందని చెప్పి, కోసిన ముక్కలు ఎక్కడని అడిగాను.

"ముక్కలా? చిత్తుకాగితాలాయన నిన్ననే గోతాలు ఎత్తుకుపోయాడు సార్. అవెందుకు?"

చిత్తుకాగితాల గోడౌను రైలు పట్టాల పక్కన ఉంది. అప్పటికి గోతాలు కుమ్మరించి కుప్ప చేశారు. సగం అప్పటికే బేళ్ళు కట్టారు. మేస్త్రీ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం పోయింది పెద్దాయనా, లాటరీ టిక్కెట్టా?" అన్నాడు. మా ఆవిడ రాసిన కాగితమని చెప్పాను. "ఆవిణ్ణే మళ్ళీ రాయమనక పోయారా" అన్నాడొకడు. పోయిందని చెప్పాను. ఒకావిడ వచ్చి నాతోపాటు కూర్చుని, పసుపుపచ్చ కాగితం ముక్కలన్నీ ఏరి నా ముందు పెట్టింది. సాయంత్రందాకా ఏరాను. మర్నాడు వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. మూడోరోజు బేళ్ళు లారీ ఎక్కాయి. ఒక బేలు విప్పమని మేస్త్రీని బతిమాలాను. విప్పాడు. అందులో లేవు. రెండోది విప్పలేనన్నాడు. అతని తప్పు లేదు.

పెన్సిలు రాత ఉన్న ముక్కలు గుప్పెడు దొరికాయి. బల్లమీద పరిచి ఏ ముక్క ఏ పేజీదో చూస్తున్నాను. మ్యాపు పలకల అంచులు కలపడం ముప్ఫయ్యేళ్ళు చేసిన పనే. నది ఒక పలకలో ఆగి పక్క పలకలో మొదలవుతుంది. ఇక్కడ అక్షరం. కొన్ని కలిశాయి. పల్చటి కాగితం వెనక వేసి, పిండి జిగురుతో అతికించాను.

ఆ రోజు రాసిన పేజీ నూట తొంభై మూడు. తర్వాత ఎక్కడా పెన్సిలు లేదు కాబట్టి అదే. దాని ముక్క దొరకలేదు. అది కుడివైపు పేజీ. అచ్చు పక్కనుంచి అంచువైపు రాసింది. అందువల్ల వరసల మొదళ్ళు మిగిలాయి, చివరలు పోయాయి. మిగిలింది ఇది:

అక్కా, ఆయన
నాతో ఒక్క
ఇన్నేళ్ళలో
నువ్వైనా

చేతిలో ఉన్నప్పుడు చదవలేదు. మీ ఇద్దరి మాటలని వదిలేశాను. ఇప్పుడు ఎంత చదివినా ఇంతే ఉంది.

నన్ను తిట్టండి. కానీ ఆ నాలుగు వరసలు ఎలా పూర్తవుతాయో మీకు తెలిసి ఉంటే ముందు అది రాయండి.

మరిది


కింది వాటా, వెనక గది
జూలై 25

మరిదీ,

తిట్టాను. నాలుగు రోజులు తిట్టాను. గోడకి చెప్పాను, గిన్నెలకి చెప్పాను. మా ఇంటి పై వాటా ఆవిడ "ఎవరైనా వచ్చారా అక్కయ్యగారూ?" అని తొంగిచూసింది. దేశాలు గీసినవాడికి ఒక అంచు కాపాడటం రాలేదని చెప్పాను. ఆవిడకేం అర్థమైందో, కాఫీ ఇచ్చి వెళ్ళింది. మీకోసం రాసిపెట్టుకున్న తిట్లు ఇంకా ఉన్నాయి, నా దగ్గరే ఉండనివ్వండి. గోడౌనులో మోకాళ్ళమీద కూర్చున్న మనిషిని ఇంకెలా తిట్టేది?

ఆ వరసలు నాకు తెలుసు. అది రాయబోయేది నాకు తెలియదా? జబ్బు మొదలైనప్పటినుంచి అదే మాట. రాసుకోండి.

అక్కా, ఆయనలాంటి మనిషి దొరకడం నా అదృష్టం.
నాతో ఒక్కసారైనా గట్టిగా మాట్లాడి ఎరగరు.
ఇన్నేళ్ళలో ఏ లోటూ రానివ్వలేదు.
నువ్వైనా ఆయనకి ధైర్యం చెప్పు.

అంతే. ఇంక అతికించింది చాలు. వేళకి తిని పడుకోండి. పుస్తకాలన్నీ కట్టకట్టి నెమ్మదిగా పంపండి. ఎవరు ముందు పోతే వాళ్ళవి రెండోవాళ్ళకని మా ఒప్పందం.

వదిన


మేడమీది వాటా
ఆగస్టు 1

వదినగారికి,

పట్టవు.

పోయింది అరంగుళం. ఆమె అక్షరం సైజు మిగిలిన మాటల్లో కొలిచాను. వరసకి ఒక మాట పడుతుంది. చిన్నవైతే రెండు. మీరు రాసినవి అచ్చు మీదుగా అవతలి పేజీలోకి వెళతాయి. అదీగాక, ఇన్నేళ్ళలో నేను దొరకడం అదృష్టమని ఆమె ఎన్నడూ అనలేదు. మీకు ఓదార్చాలని ఉంది. నాకు ఓదార్పు వద్దు. అక్కడ ఏముందో కావాలి.

ఒక పని చేశాను. మీ అనుమతి అడగలేదు. అలమారాలో ఉన్న పుస్తకాలన్నిట్లో రాతలు చదివాను. మొదటి అర నుంచి వరసగా. ఇరవయ్యేడేళ్ళు నా పక్క గదిలో మీరు మాట్లాడుకుంటున్నట్టు ఉంది. మీరిద్దరూ నన్ను "స్కేలు" అనుకునేవారని ఇప్పుడే తెలిసింది. ఆకుపచ్చ అట్ట నవల రెండో సంపుటంలో ఆమె రాసింది, "స్కేలు ఇవాళ మూడు మాటలు మాట్లాడారు. ఒకటి టీ, రెండు గొడుగు, మూడోది నాకు వినపడలేదు." మీరు కింద రాశారు, "మూడోది నీ పేరేమో, అడగకపోయావా?" ఆమె దాని కింద రాసింది, "అడిగాను. గొళ్ళెం అట."

ఆ రోజు గొళ్ళెం ఊడిన మాట నాకు గుర్తుంది. ఇంకేమీ గుర్తులేదు.

రాతల దగ్గర తేదీలు లేవు కాబట్టి ఏ ఏడు రాసిందో తెలియదు. కానీ ఇలాంటివి చాలా ఉన్నాయి. లైబ్రరీ నుంచి వచ్చి ఆ పూట జరిగింది చెప్పబోయి మానేసిన రోజులు ఉన్నాయి. నేను బల్లమీద వంగి ఉంటే గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళిపోయిన రోజులు ఉన్నాయి. అవన్నీ మీకు చెప్పింది. నేను అదే ఇంట్లో ఉన్నాను.

ఇప్పుడు ఆ నాలుగు వరసలు మీరే మళ్ళీ చదవండి. ఆయన, నాతో ఒక్క, ఇన్నేళ్ళలో. "మాట" అన్న మాట అరంగుళంలో సరిగ్గా పడుతుంది. కొలిచాను. అదే రాసి ఉంటుందా? చివరి పూట, నేను చెక్కి ఇచ్చిన పెన్సిలుతో, నేను గదిలో ఉండగా?

రాత్రిళ్ళ సంగతి రాయను. పగలే ఎక్కువ కష్టంగా ఉంది. వీధిలో ఎవరైనా పలకరిస్తే తలూపి వచ్చేస్తున్నాను. నిన్న పాలవాడితో నాలుగు మాటలు వరసగా అన్నాను. అన్నాక ఎవరికి చెప్పను అనిపించింది.

మీరు మూడో సంపుటం సంగతి ఏమైనా నిజంగా ఎరిగి ఉంటే, ఎంత కఠినమైనదైనా రాయండి.

ఇంకొకటి. మీ అక్షరాలు ఉత్తరం ఉత్తరానికీ పెద్దవవుతున్నాయి. పోయిన ఉత్తరంలో వరసలు కిందికి జారాయి. ప్రూఫులు దిద్దిన చేతికి అది ఉండదు. కళ్ళు బాగానే ఉన్నాయంటే నేనూ అర్థాలు నేర్చుకుంటున్నాను.

మరిది


కింది వాటా, వెనక గది
ఆగస్టు 14

మరిదీ,

ఒప్పుకున్నాను. అబద్ధమే. నాకేం తెలియదు.

మూడో సంపుటం నేను కంటితో చూడలేదు. మొదటివి రెండూ చదివి, రాసి పంపాను. మూడోది అది చదవడం పూర్తి కాలేదు కాబట్టి నా దగ్గరికి రానేలేదు. అందులో అది ఏం రాసిందో ఈ లోకంలో అది ఒక్కతే ఎరుగును. నేను రాసిన నాలుగు వరసలూ నా సొంతం. అరంగుళంలో అబద్ధం కూడా పట్టదని నాకేం తెలుసు?

ఎందుకు రాశానంటారా? మీరు ఆ బల్లముందు కూర్చుని ముక్కలు అతికించుకుంటూ పోతారని భయమేసింది. ఏదో ఒకటి చేతిలో పెడితే లేస్తారనుకున్నాను.

కళ్ళ సంగతి కనిపెట్టారు. ఆపరేషన్ చేసిన కన్ను పోయింది. రెండోదాంట్లో నడుమ మసక, అంచులే కనిపిస్తాయి. అట్టముక్కలో సందులు కోసి ఇచ్చారు ఆసుపత్రిలో, దాన్ని కాగితం మీద పెట్టి ఆ సందుల్లో రాస్తున్నాను. ఇప్పుడు మీ ఉత్తరాలు పై వాటా ఆవిడ చదివి పెడుతోంది. మీరు స్కేలని కూడా ఆవిడకి తెలిసిపోయింది, క్షమించండి. నవ్వు ఆపుకోలేకపోయింది పాపం, తర్వాత "గొళ్ళెం" దగ్గర ఏడ్చింది.

నిజం అడిగారు. చెబుతాను, కూర్చోండి. అది ఫిర్యాదే అయి ఉండొచ్చు. మీ గురించి అది నాకు చాలా ఫిర్యాదులు చేసింది. నేను మా ఆయన బతికున్నప్పుడు ఆయన గురించి చేసినవాటికంటే తక్కువే, కానీ చేసింది. చెప్పీ చెప్పీ అలిసిపోయి, "పోనీలే, వానలో గొడుగు మర్చిపోతే ఆఫీసు నుంచి నడిచొచ్చి ఇచ్చి వెళ్ళారు, ఒక్కమాట మాట్లాడితే ఏం పోయేది" అని రాసేది. అందులో ఏది మెచ్చుకోలు, ఏది తిట్టు? నాకు ఎప్పుడూ తేలలేదు. దానికీ తేలలేదు. అందుకే ఇన్ని పుస్తకాలు పట్టాయి.

చివరి పూట మీ గురించి నాకు రాసింది. అది మాత్రం ఉంది. మంచో చెడో మీరు తేల్చలేరు, నేను తేల్చలేను. మీకు జాలిపడి నేను తేల్చకూడదని ఇప్పుడు తెలిసింది.

ఇక ఒప్పందం మాట. పుస్తకాలు నావి. కానీ వాటిని నేనేం చేసుకోను? వాసన చూసుకుంటాను, అట్టమీద బంగారు అక్షరాలు వేలితో తడుముకుంటాను. అంతే. పై వాటా ఆవిడకి ఇంగ్లీషు రాదు. దానికంటే ముఖ్యం, మా రాతలు ఎవరో పరాయి నోట నేను వినలేను.

మీరు చదువుతారా? అడగడానికి సిగ్గుగా లేదు, భయంగా ఉంది. మూడు మాటల మనిషిని మూడు సంపుటాలు చదవమంటున్నాను. కథ చదవాలి, పక్కన రాతలు చదవాలి. ఏదీ మింగకూడదు. స్కేలు అన్నచోట స్కేలు అనే చదవాలి. మీకు కష్టం కలిగించేవి పైకి చదవాలి, నా ఎదురుగా. చెయ్యలేకపోతే చెయ్యలేనని రాయండి, తప్పు పట్టను. అప్పుడు పుస్తకాలు అక్కడే ఉంచేసుకోండి. వాటిని ఎవరో ఒకరు చూడగలిగేచోట ఉంచడమే నయం.

వదిన


మేడమీది వాటా
ఆగస్టు 23

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. చెయ్యలేనని ఒక ఉత్తరం రాశాను. పోస్టు చెయ్యలేదు.

దానికి ముందు ఇంకో పని చేశాను. అదీ చెప్పాలి. నూట తొంభై మూడో పేజీకి పాత కాగితం ముక్క ఒకటి అరంగుళం వెడల్పున కోసి అతికించాను. అంచు కలిసింది. ఎక్కడ అతికిందో వేలికి తెలియదు. ఆమె పెన్సిలే తీశాను. అక్షరాలు నకలు తియ్యడం నా ఉద్యోగం. చిత్తుకాగితం మీద ఆమె చేతిరాత రాసి చూశాను. వచ్చింది. మీరు కాదు, ఆమే వచ్చినా గుర్తుపట్టలేనంతగా వచ్చింది. ఆ ఖాళీలో పట్టే మాటలు వెతికాను. "ఒక్క క్షణం", "ఒక్క రోజు", "ఒక్క మాట". అన్నీ పడతాయి. మంచివీ పడతాయి, చెడ్డవీ పడతాయి. పెన్సిలు ఖాళీ మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మంచి మాట రాయాలని ఎంత ఉందో, చెడ్డది రాసి శిక్ష వేసుకోవాలనీ అంతే ఉంది. రెండూ నా మాటలే. ఆమెది అందులో ఒక్కటీ లేదు.

తడి గుడ్డతో అద్ది ముక్క తీసేశాను. పేజీ అంచు మళ్ళీ కోసినట్టే ఉంది.

నిన్న గదిలో తలుపు వేసుకుని పైకి చదివి చూశాను. ముందు మొదటి సంపుటం మొదటి పేజీ. సగంలో ఆపేశాను. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. తొమ్మిదో పేజీలో మీ చెల్లెలి మొదటి రాత ఉంది. "ఈ కథానాయకుడు మా ఇంట్లో మనిషిలాగే ఉన్నాడు, ఎనిమిది పేజీలైనా నోరు విప్పలేదు." అది చదవడానికి మూడుసార్లు పట్టింది. మూడోసారి ఆగకుండా వచ్చింది. గోడ అవతల అద్దెకున్నాయన దగ్గాడు. నేను చదువుతూనే ఉన్నాను.

సాయంత్రానికి ఆ సంపుటంలో పదో వంతు అయింది. మీ జవాబుల దగ్గర గొంతు మార్చాలా, ఒకేలా చదవాలా తెలియలేదు. మీరు చెబుదురుగాని.

నూట తొంభై మూడో పేజీ దగ్గరికి వచ్చాక నాలుగు మొదళ్ళూ చదువుతాను. తర్వాత ఏమీ కలపను. మీరూ కలపవద్దు. అక్కణ్ణుంచి ఆమె చదవని భాగం మొదలవుతుంది. పక్కన రాతలు ఉండవు. అది ఎలా చదవాలో ఇప్పుడు నాకు తెలియడంలేదు. చివరిదాకా చదవగలనని మాట ఇవ్వలేను.

మిగిలిన పుస్తకాలు ఎనిమిది పెట్టెల్లో సర్దాను. అట్టలు ఊడినవాటికి నాడా కట్టాను. సోమవారం పార్సిలు ఆఫీసువాళ్ళు వస్తే పక్క వాటా ఆయన అప్పగిస్తాడు. అలమారా ఖాళీ అయింది. అటు చూడటంలేదు.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. మీరు చదవలేరు, పై వాటా ఆవిడ నోట మీరు దీన్ని వినడం నాకు ఇష్టం లేదు. నేనే తెస్తాను.

రేపు ఉదయం మొదటి రైలుకి బయలుదేరతాను. మూడు సంపుటాలూ చేతిసంచిలో ఉంటాయి. మీ ఇంటికి వచ్చి, కుర్చీ మీ మంచం పక్కకి లాక్కుని, ముందు ఈ ఉత్తరం పైకి చదువుతాను.

మరిది